ఆటోనగర్‌లో 3 కిలోవాట్లు, కర్నూలులో 30

మా మావయ్యకి వాట్సాప్‌లో ఏది వచ్చినా ముందు నాకు పంపిస్తాడు, పంపిన రెండు నిమిషాలకి ఫోన్ చేసి చూశావా అని అడుగుతాడు. నిరుడు ఏప్రిల్‌లో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్లు కర్నూలులో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని పరీక్షించినప్పటి నుంచి ఆ వీడియో నాకు కనీసం ఆరుసార్లు వచ్చి ఉంటుంది, ప్రతిసారీ వెనకాల పాట మారుతుంది గానీ కింద రాత మారదు: ఇక క్షిపణులతో పనిలేదు, కాంతితోనే శత్రువు బూడిద. మొన్న భోగి నాడు ఇంటికొచ్చి కూర్చుని మళ్లీ అదే ఎత్తుకున్నాడు.

"ఏరా, నీ షాపులో ఉన్నదీ లేజరే కదా. ఇంత మందం ఇనప ప్లేటుని వెన్నలా కోస్తుందంటావ్. నీది మూడైతే వాళ్లది ముప్పై. ఇంక దానికి అడ్డేముంది?"

అరిసెల హడావిడిలో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఒకవైపు అమ్మ పాకం చూడమంటుంది, ఇంకోవైపు ఈయన. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా, ఆయనకి లింకు పంపిస్తా, చదివితే చదివాడు.

నాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. 3 కిలోవాట్ల ఫైబర్ లేజర్ కటింగ్ మిషన్ ఒకటి, బెండింగ్ మిషన్ ఒకటి, ముగ్గురు కుర్రాళ్లు. గేట్ల డిజైన్లు, లారీ బాడీలకి ప్లేట్లు, కరెంటు ప్యానెల్ బాక్సులు కోస్తుంటాం. నేను సైంటిస్టుని కాను, డిప్లొమా మెకానికల్. కానీ ఆరేళ్లుగా పొద్దున లేస్తే లేజర్‌తోనే నా గొడవ, అది ఎప్పుడు మొరాయిస్తుందో, ఎందుకు మొరాయిస్తుందో తెలుసు.

మావయ్య మాటలో ఒక నిజం ఉంది, ఆయనకి తెలియకుండానే అనేశాడు. 2014లో అమెరికా నౌకాదళం పాన్స్ అనే ఓడ మీద లేజర్ తుపాకీ పెట్టి గల్ఫ్‌కి పంపింది. అందులో వాడినవి ఫ్యాక్టరీల్లో వెల్డింగ్‌కి వాడే ఫైబర్ లేజర్లే, బజార్లో దొరికేవే, ఒక్కోటి 5.5 కిలోవాట్లవి ఆరు. ఆరింటి కిరణాలూ ఒకేచోట పడేలా బిగిస్తే దాదాపు 30 కిలోవాట్లు అయింది. అది చదివిన రోజు నేను షెడ్డు బయటికొచ్చి మా వీధి అంతా ఒకసారి చూశాను. ఇటు పక్క ఒక మిషన్, ఎదురుగా రెండు, ఆ చివర ఇంకొకటి, అందరం కలిస్తే ఒక ఓడకి సరిపడా పవర్ మా దగ్గరే ఉంది!

మరి తేడా ఎక్కడొచ్చింది అంటే, దూరంలో.

నా మిషన్‌లో కిరణం బయటికొచ్చే నాజిల్‌కీ ప్లేటుకీ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు. కిరణం పడే చుక్క వెడల్పు సుమారు 0.15 మిల్లీమీటర్లు, అంటే సన్న సూది మొన అనుకోండి. అంత చోటులోకి 3 కిలోవాట్లు దిగుతాయి కాబట్టే ఇనుము కోసుకుపోతుంది. అదీ ఒంటరిగా కోయదు, పైనుంచి ఆక్సిజనో నైట్రోజనో ఊదుతూ ఉండాలి, కరిగిందంతా కిందకి పోవాలి. సిలిండర్ ఖాళీ అయితే కరిగిన ఇనుము అక్కడే ముద్దకట్టి కూర్చుంటుంది, కుర్రాడు "అన్నా!" అని కేకేస్తాడు, ఆ ప్లేటు ఇక తుక్కులోకే.

ఇప్పుడు అదే కిరణాన్ని ఆకాశంలోకి పంపండి. కాంతి దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది, అది ఎంత గొప్ప కంపెనీ చేసినా తప్పని లెక్క. 30 సెంటీమీటర్ల అద్దంతో పంపితే, మధ్యలో గాలి అనేదే లేకపోయినా సరే, 5 కిలోమీటర్ల అవతల చుక్క నాలుగు సెంటీమీటర్లకి తగ్గదు. 10 కిలోమీటర్లైతే ఎనిమిది దాటుతుంది, అంటే వైశాల్యం నాలుగింతలు, ఒక్కో చోట పడే వేడి నాలుగో వంతు. ఒక రాత్రి షాపు కట్టేశాక బిల్లు పుస్తకం వెనకాల లెక్కేశాను: చదరపు మిల్లీమీటరుకి నా బుల్లి మిషన్ దించే పవరు, 5 కిలోమీటర్ల దూరంలో ఆ 30 కిలోవాట్ల ఆయుధం దించేదానికంటే ఏడు వేల రెట్లకి పైమాటే. తప్పు చేశానేమోనని రెండుసార్లు వేశాను, అంతే వచ్చింది.

అలాగని అదేమీ తీసిపారేసేది కాదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి బర్నరు ఒక్కోటి రెండు మూడు కిలోవాట్లు ఉంటుంది, అలాంటివి ఓ పన్నెండు బర్నర్ల మంటనంతా ఒక టీ కప్పు అడుగంత చోటులో పెడితే ప్లాస్టిక్కు, కార్బన్ ఫైబరు తట్టుకోవు. డ్రోన్లు చేసేది వాటితోనే. 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని టెస్ట్ రేంజ్‌లో జరిగింది కూడా అదే. హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీఓ ల్యాబ్ తయారుచేసిన 30 కిలోవాట్ల లేజర్, రెక్కల డ్రోన్‌నీ, గుంపుగా వచ్చిన చిన్న డ్రోన్లనీ కాల్చి పడేసింది. అది మామూలు పని కాదు. ఎందుకో చెప్తాను.

మందం ప్లేటు కోసేటప్పుడు ముందు రంధ్రం పడాలి, మేం పియర్సింగ్ అంటాం, దానికి ఒక సెకనో రెండు సెకన్లో పడుతుంది. ఆ రెండు సెకన్లు ప్లేటు కదలకూడదు, హెడ్డు కదలకూడదు. కదిలితే రంధ్రం బదులు ఒక నల్ల గీత పడుతుంది. లేజర్ ఆయుధం కథ మొత్తం ఆ రెండు సెకన్లలోనే ఉంది. సినిమాల్లో చూపించినట్టు తాకగానే పేలిపోవడం ఉండదు. 30 కిలోవాట్లు పది సెకన్లు పడ్డా మొత్తం శక్తి 70 గ్రాముల టీఎన్‌టీ పేలుడు మందులో ఉండేదంత, అందులోనూ దారిలో కొంత పోతుంది. కాబట్టి ఆ కాస్త వేడినీ ఒకేచోట, కొన్ని సెకన్ల పాటు, కదలకుండా పట్టి ఉంచాలి. భోగి నాడు డాబా మీద నుంచి ఐదు కిలోమీటర్ల అవతల ఎగిరే గాలిపటం తోకలో ఒకే ఒక్క ముడిని చూపుడువేలితో చూపిస్తూ ఉండటం లాంటిది, గాలిపటం గింగిరాలు తిరుగుతున్నా వేలు మాత్రం ముడి మీదే ఉండాలి. బ్రిటన్ వాళ్ల లేజర్ ఆయుధం డ్రాగన్‌ఫైర్ కిలోమీటరు దూరంలో ఉన్న ఒక పౌండు నాణేన్ని కొట్టగలదని వాళ్ల రక్షణ శాఖే చెప్పింది. గురి విషయంలో అందరికీ ఒక దండం పెట్టాల్సిందే.

కానీ ఒక్కోదానికి కొన్ని సెకన్లు అంటే ఏమవుతుందో మన పున్నమి ఘాట్ లెక్కతో చూద్దాం. 2024 అక్టోబరులో డ్రోన్ సమ్మిట్ సందర్భంగా అక్కడ కృష్ణ మీద ఒకేసారి 5,500 డ్రోన్లు లేపారు గుర్తుందా, మేమంతా పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని చూశాం, గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. ఒక లేజర్‌తో ఒక్కో డ్రోన్‌కి మూడు సెకన్లు వేసుకుంటే (ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి తిరగడంతో కలిపి), అన్నీ అయ్యేసరికి నాలుగున్నర గంటలు దాటుతుంది. యుద్ధంలో ఒకేచోటికి 5,500 ఎవరూ పంపరు, నిజమే. యాభై వచ్చినా రెండున్నర నిమిషాలు. గంటకి 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రోన్ రెండున్నర నిమిషాల్లో 5 కిలోమీటర్లు వచ్చేస్తుంది. లేజర్ ఒకసారికి ఒకదాన్నే చూస్తుంది, అదే దాని పెద్ద బలహీనత.

ఇంక గాలి సంగతి. నేను ఉండేది తాడేపల్లిలో, షాపుకి రోజూ కృష్ణ దాటి రావాలి. ఈ జనవరిలో ఒక రోజు పొద్దున ఆరున్నరకి బ్యారేజీ మీద బండి నడుపుతుంటే ఎదురుగా ఇంద్రకీలాద్రి ఉండాల్సిన చోట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు, గుడి మైకు మాత్రం వినిపిస్తోంది. ముందు వెళ్లే ఆటో వెనక లైటు పది గజాల్లో మాయమైపోతోంది. హెల్మెట్ అద్దం తుడుచుకుంటూ అనుకున్నాను, ఇవాళ ఇక్కడ ఆ 30 కిలోవాట్ల బండి నిలబెడితే ఏం చేస్తుంది? ఏమీ చేయదు. కంటికి కొండ కనపడనంత మంచు ఉందంటే లేజర్‌కీ దారి లేనట్టే, ఆ నీటి తుంపరలు రెండింటినీ ఒకలాగే చెదరగొట్టేస్తాయి. రాడార్ చూసి వెళ్లే క్షిపణికి ఈ బాధ ఉండదు. మబ్బు కమ్మినా, జోరువాన పడినా ఇదే పరిస్థితి. ఇజ్రాయెల్ లేజర్ ఆయుధం ఐరన్ బీమ్ గురించి ఎవరు రాసినా ముందు రాసే లోపం ఇదే.

ఎండ బాగా కాస్తే సుఖమా అంటే అదీ లేదు. మే నెల మధ్యాహ్నం కనకదుర్గ వారధి మీద దూరంగా చూడండి, రోడ్డు నీళ్లలా ఊగుతూ కనపడుతుంది, వచ్చే బస్సు చక్రాల దగ్గర వంకర్లు తిరుగుతుంది. వేడి గాలి, చల్ల గాలి పొరలు కలిసి కాంతిని అటూ ఇటూ వంచడం అది. మనం చూసేటప్పుడు బస్సు ఊగితే నష్టం లేదు, లేజర్ పంపేటప్పుడు ఊగితే నాలుగు సెంటీమీటర్ల చుక్క ఎక్కడెక్కడో చిందుతుంది. దీనికి మందు ఉంది, సెకనుకి వందలసార్లు తన ఆకారం మార్చుకునే అద్దం పెట్టి ఆ వంకరలని ఎదురు వంకరలతో సరిచేస్తారు, పెద్ద టెలిస్కోపులకి వాడే పద్ధతే. అయితే అది కొంతవరకే.

మావయ్య ప్రశ్నకి అసలు జవాబు మాత్రం ఇంకోటి, అది నాకు నా మిషనే నేర్పింది.

కటింగ్ హెడ్‌లో లెన్సులకి అడ్డంగా ఒక చిన్న గాజు బిళ్ల ఉంటుంది, ప్రొటెక్షన్ గ్లాస్. బొట్టు బిళ్ల కంటే కాస్త పెద్దది, నిప్పురవ్వలు ఎగిరి లెన్స్ మీద పడకుండా కాపాడటమే దాని పని. దాని మీద కంటికి ఆననంత దుమ్ము రేణువు పడిందనుకోండి, ఆ రేణువు కిరణంలో కొంచెం తాగి వేడెక్కుతుంది, దానితో గాజు వేడెక్కుతుంది, వేడెక్కిన గాజు తనే ఒక లెన్స్ అయిపోయి ఫోకస్ జరిపేస్తుంది. పొద్దున బాగా కోసిన మిషన్ పదకొండింటికి అంచులు గరుకుగా కోయడం మొదలుపెడుతుంది. కొత్త కుర్రాళ్లు అప్పుడు ఏం చేస్తారంటే పవర్ పెంచుతారు. పెంచితే గాజు ఇంకా వేడెక్కి ఫోకస్ ఇంకా జరిగి, చివరికి టప్పుమని పగులుతుంది.

ఆకాశంలో గాలే ఆ గాజు. కిరణం వెళ్లే దారిలో ఉన్న తేమా, దుమ్మూ కొంచెం వేడిని తాగుతాయి, ఆ గాలి గొట్టం వేడెక్కి పలచబడుతుంది, పలచబడ్డ గాలి కిరణాన్ని బయటికి విచ్చేస్తుంది. పవర్ పెంచితే గాలి ఇంకా వేడెక్కి ఇంకా విచ్చుకుంటుంది. ఒక హద్దు దాటాక ఎక్కువ పంపినకొద్దీ అవతల తక్కువ చేరుతుంది. అడ్డంగా గాలి వీస్తుంటే కొంత నయం, వేడెక్కింది పక్కకి పోయి కొత్త గాలి వస్తుంది. డ్రోన్ పక్కకి వెళుతుంటే కూడా నయమే, కిరణం తిరుగుతుంది కాబట్టి. సూటిగా మన మీదికే వచ్చేదాన్ని కొట్టేటప్పుడు మాత్రం అదే గాలి గొట్టం, అదే వేడి. మనకి ఎక్కువ భయం దానితోనే మరి. కర్నూలు వైపు పొడి గాలి. మన కోస్తా ఉక్కపోతలో, లేదంటే మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు పక్కన పెట్టి పరీక్షించి చూడాలి, యార్డు గేటు దగ్గర మనకే దగ్గు ఆగదు.

"మరి పెద్దది చేస్తే?" అని మావయ్య అంటాడని తెలుసు. చేశారు. అమెరికా వాళ్లు ఒక బోయింగ్ 747 విమానం నిండా మెగావాట్ (వెయ్యి కిలోవాట్లు) స్థాయి లేజర్ పెట్టారు, కరెంటుతో కాదు, క్లోరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడిన్ లాంటి రసాయనాలతో నడిచేది. 2010 ఫిబ్రవరిలో అది నిజంగానే ఒక క్షిపణిని గాల్లో కొట్టింది. అయినా 2011 చివర్లో ఆపేశారు, అప్పటికి ఖర్చు 5 బిలియన్ డాలర్లు దాటింది, 2014లో విమానాన్ని తుక్కు చేసేశారు. అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ అంతకుముందే చెప్పాడు, ఇది పనిచేయాలంటే ఆ విమానం ఇరాన్ సరిహద్దు లోపలే చక్కర్లు కొడుతూ ఉండాలి, లేదంటే లేజర్ ఇప్పటికంటే 20, 30 రెట్లు శక్తిమంతంగా ఉండాలి అని.

వేడి గురించి చెప్పకపోతే మిషన్‌ని చల్లబరిచే మా చిల్లర్ నామీద అలుగుతుంది. ఫైబర్ లేజర్‌కి మూడొంతులు కరెంటు ఇస్తే ఒక వంతు కాంతిగా వస్తుంది, రెండు వంతులు వేడి. నా మిషన్ పక్కన ఫ్రిజ్ అంత చిల్లర్ ఒకటి ఎప్పుడూ గురగురలాడుతూ ఉంటుంది, మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండింటికి అలారం మోగిస్తుంది, మేం మిషన్ ఆపి, దాని కండెన్సర్ మీద కూలర్ తిప్పి, మజ్జిగ తాగొస్తాం. 100 కిలోవాట్ల ఆయుధమైతే కాలుస్తున్నంతసేపూ 200 కిలోవాట్ల వేడి బయటికి పోవాలి. ఒకటిన్నర టన్ను ఏసీలు దాదాపు నలభై పెడితే లాగేంత వేడి అది. దాన్ని ఒక లారీ మీద, ఎడారిలో, గుంతల్లో ఎగురుతూ. అమెరికా సైన్యం 50 కిలోవాట్ల లేజర్ని స్ట్రైకర్ అనే యుద్ధ వాహనం మీద బిగించి 2024లో పశ్చిమాసియాకి పంపింది. వేడి తీయడం, అన్ని ఎలక్ట్రానిక్స్ మోయడం, కుదుపులకి అరిగిపోవడం, ఇవే కష్టంగా ఉన్నాయని, ఒకచోట స్థిరంగా పెట్టేదానికీ తిరిగేదానికీ చాలా తేడా ఉందని వాళ్ల కొనుగోళ్ల అధికారే సెనెట్‌లో చెప్పాడు. ఆటోనగర్‌లో ఏ మిషన్ ఓనర్ని అడిగినా ముందే చెప్పేవాడు.

ఒక్కో షాట్‌కి ఖర్చు రెండు రూపాయలే అని కూడా ఆ ఫార్వార్డులో ఉంటుంది. కరెంటు వరకు అది దగ్గర దగ్గరగా నిజమే, 30 కిలోవాట్లు పది సెకన్లు కాలిస్తే పావు యూనిట్ పైచిలుకు అవుతుంది. బ్రిటిష్ వాళ్లు తమదానికి 10 పౌండ్లు అంటారు. కానీ కరెంటు మీటరు చూసి కటింగ్ రేటు కట్టేవాడు ఈ వ్యాపారంలో ఆరు నెలలు ఉండడు. ఈఎంఐ ఉంటుంది, నాజిళ్లు, గ్లాసులు, గ్యాసు ఉంటాయి, సర్వీసు ఉంటుంది. రెండేళ్ల కింద ఆగస్టులో, బయట వాన కురుస్తుంటే, సర్వీసుకి వచ్చిన అబ్బాయి ఏసీ వేయకుండా లేజర్ పుట్టే సోర్స్ క్యాబినెట్ తలుపు తీసేశాడు. చల్లగా ఉన్న లోపలి భాగాల మీద ఐస్‌వాటర్ గ్లాసుకి పట్టినట్టు చెమ్మ పట్టింది. వాడు మూసేసి స్టార్ట్ చేశాడు, ఒక మాడ్యూల్ పోయింది, మూడు వారాలు షెడ్డు మూత. ఏ కంపెనీ అని అడగొద్దు, ఇప్పటికీ వాళ్లతోనే పని. సరిహద్దులో ఉన్న జవానుకి ఆ చెమ్మ, ఆ దుమ్ము అన్నీ ఉంటాయి, దగ్గర్లో సర్వీసు సెంటర్ ఉండదు.

డ్రోన్ మీద మెరిసే స్టిక్కర్ అంటిస్తే కిరణం వెనక్కి పోదా అని మా కుర్రాడే అడిగాడు ఒకసారి. ఇత్తడి, రాగి కోసేటప్పుడు మాకు వెనక్కి కొట్టే భయం నిజంగా ఉంటుంది కాబట్టి అడిగాడు. కొంత ఆపుతుంది, ఎక్కువసేపు ఆపదు, కాస్త దుమ్ము పడినా, కాస్త రంగు మాడినా అక్కడి నుంచి వేడి తాగడం మొదలవుతుంది. గిర్రున తిరుగుతూ వచ్చే రాకెట్ మాత్రం చిక్కే, వేడి ఒకచోట నిలవదు.

ఇదంతా చదివి నేను లేజర్ దండగ అంటున్నానని అనుకోకండి. పదుల వేల డాలర్ల క్షిపణిని లక్ష రూపాయల డ్రోన్ మీద పారేయడం ఏ దేశానికీ గిట్టుబాటు కాదు. డ్రోన్ కెమెరా కళ్లు మూయించడానికైతే ఇంత పవర్ కూడా అక్కర్లేదు. ఇజ్రాయెల్ 2025 డిసెంబరు చివర్లో 100 కిలోవాట్ల తరగతి ఐరన్ బీమ్‌ని సైన్యానికి అప్పగించింది, ఐరన్ డోమ్ క్షిపణులని మాత్రం తీసేయలేదు, పక్కనే ఉంచింది. మన వాళ్లూ 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో చేసిన పరీక్షలో రెండు రకాల క్షిపణులు, ఒక లేజరు, మూడింటినీ ఒకే కమాండ్ కింద పెట్టి మూడు లక్ష్యాలని ఒకేసారి వేర్వేరు దూరాల్లో కొట్టారు. కర్నూలు పొడి గాలి గురించి నేను పైన గొణిగినదానికి సముద్రం ఒడ్డున, అదీ ఆగస్టులో చేసిన ఆ పరీక్ష కొంత జవాబు. నా లెక్కలో ఆ వార్త ఏప్రిల్ వీడియో కంటే పెద్దది, మావయ్య అది ఒక్కసారి కూడా పంపలేదు.

కనుమ మర్నాడు ఆయన్నే షెడ్డుకి తీసుకెళ్లాను. కళ్లద్దాలు ఇచ్చి మిషన్ అద్దం ముందు నిలబెట్టి ఒక గేటు డిజైన్ వేయించాను. కాసేపు వంగి వంగి చూశాడు.

"కిరణం ఏదిరా? ఏమీ కనపడట్లేదు."

"మన కంటికి కనపడే రంగు కాదు మావయ్యా. నీ వీడియోలో పచ్చగా కనపడేది ఎవడో కంప్యూటర్లో గీసింది."

ఆయన నమ్మలేదు. కింద రాలే నిప్పురవ్వల్ని మాత్రం ఫోన్లో రెండు నిమిషాలు తీశాడు. రాత్రి తొమ్మిదింటికి చూస్తే ఆయన స్టేటస్‌లో మా ఆటోనగర్ షెడ్డు, వెనకాల కొత్త పాట, కింద పాత రాతే.